నా నంబరు, ఆయన పేరు

మా ఆయన వాడి వదిలేసిన ఫోన్లు నేను నాలుగు వాడాను. మొదటిదానికి అయిదంకె మీట అరిగిపోయింది, గోరుతో పొడిస్తే తప్ప పడేది కాదు. రెండోది చార్జింగు ఎక్కాలంటే వైరు ఓ పక్కకి వంచి దాని మీద చపాతీ కర్ర బరువు పెట్టాలి. మూడోదాని అద్దానికి మూల పగులు. నాలుగోది చూడ్డానికి బాగానే ఉండేది, కాకపోతే ఆయన వేలిముద్రకే తెరుచుకునేది. నా వేలు ఎక్కించాలంటే ఆయన పెట్టుకున్న పాస్‌వర్డు కావాలి. అది గుర్తు తెచ్చుకోవడానికి మహానుభావుడికి మూడు నెలలు పట్టింది.

"బాగానే ఉంది కదే, ఇంకో రెండేళ్లు ఢోకా లేదు" అంటూ ఇచ్చేవాడు ప్రతిసారీ. అంత బాగుంటే తమరే వాడుకోవచ్చుగా అని నేనూ ప్రతిసారీ అన్నాను. అనాల్సింది మింగి ఊరుకునే రకాన్ని కాదు నేను. అన్నాను, అని తీసుకున్నాను. ఈ రెండో ముక్క మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

గుంటూరు నుంచి దుబాయ్ వచ్చింది రెండువేల తొమ్మిదిలో. ఆయనకి దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో అల్యూమినియం ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆ దగ్గర్లోనే కాపురం. నేను ఎం.కాం. చదివి ఇంట్లో కూర్చోలేక జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఓ సరుకు రవాణా ఆఫీసులో చేరాను. ఇక్కడ భర్త వీసా మీద ఉన్న ఆడది ఉద్యోగం చేయాలంటే 'నాకు అభ్యంతరం లేదు' అని భర్త కాగితం రాసివ్వాలి. కూలీల క్యాంపుల్లో ఉండేవాళ్లకి వీసా పూచీ పడే కఫీల్ కంపెనీ అయితే మాకు మొగుడే కఫీల్. ఆయన ఆ కాగితం మీద సంతకం పెడుతూ "చూశావా, ఎంత మంచివాణ్ణో" అన్నాడు. అభ్యంతరం లేకపోవడం కూడా ఒక దానమేనని ఆ రోజే తెలిసింది.

ఓడల్లో వచ్చే సరుకు కాగితాలు సరిచూడటం నా పని. ప్రతి కాగితంలోనూ కన్సైనీ అని ఒక గడి ఉంటుంది. సరుకు ఎవరికి చేరాలో వాళ్ల పేరు అందులో రాస్తారు. ఆ గడిలో పేరున్నవాడు వస్తేనే సరుకు కదులుతుంది. కంటెయినరు పోర్టులో ఎండుతుంటే ఎందరో వచ్చి నా బల్ల ముందు తలబాదుకున్నారు, డబ్బు కట్టింది మేమే మేడమ్ అని. "కట్టి ఉండొచ్చండీ, కాదనను. పేరు మాత్రం మీది కాదు. పేరు ఎవరిదో సరుకు వాళ్లది" అని చెప్పి పంపేదాన్ని. తొమ్మిదేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఇంతమందికి నీతి చెప్పిన నా ఫోను నంబరు ఎవరి పేరు మీద ఉంది? మా ఆయన పేరు మీద.

వచ్చిన కొత్తలో సిమ్ము ఆయనే కొనుక్కొచ్చాడు, సరే. ఓ మూడు నాలుగేళ్లకి సిమ్ములన్నీ ఐడీ కార్డు చూపించి మళ్ళీ నమోదు చేయించుకోవాలని అందరికీ కబురొచ్చింది. ఆ శనివారం ఆయనకి సెలవు. "నువ్వూ వస్తే నీది నీ పేరునే రాయించుకోవచ్చట" అన్నాడు. నిజం చెప్పాలి, అన్నాడు. నాకు ఆ రోజు పోర్టులో మూడు షిప్‌మెంట్లు ఉన్నాయి. సెలవు పెట్టడం దేనికని, "ఎవరి పేరైతే ఏంలెండి, మీదే కొట్టించేయండి" అన్నాను. షేరీ చేప కడిగి తూచాడా, కడగకముందు తూచాడా అని చేపల మార్కెట్లో అరగంట వాదించే మనిషిని. ఈ ఒక్కదాని దగ్గర ఉదారంగా ఏంలెండి అనేశాను. నాకు తెలిసిన ఆడవాళ్లలో సగం మంది ఆ వారం ఇదే మాట అన్నారు. ఒక పూట సెలవు మిగుల్చుకున్నామని సంబరపడ్డాం కూడా.

ఆ నంబరు మీదే నా బతుకు నడిచింది. ఓడ కంపెనీల గుమస్తాలు, లారీల వాళ్లు, కస్టమ్స్ దగ్గర నిలబడే ఏజెంట్లు, సగం మందికి నా పేరు తెలియదు. 'పేపర్స్ మేడమ్' అని ఆ నంబరే తెలుసు. బిల్లు ప్రతి నెలా నా జీతంలోంచే కట్టాను, ఒక్క రోజు ఆలస్యం చేయలేదు.

కొత్తగా ఐదు శాతం పన్ను పడ్డ ఏడాది అది. ఆగస్టు చివర్లో ఆ నంబరుకి ఒక మెసేజీ వచ్చింది. ఇన్నేళ్లుగా సక్రమంగా బిల్లు కడుతున్నారు కాబట్టి, వచ్చే నెల విడుదలయ్యే కొత్త ఫోను మీకోసం ముందే పక్కన పెడతాం, ఒక్క దిర్హామ్ కూడా ముందుగా కట్టక్కర్లేదు, నెలనెలా బిల్లులో కలుపుతాం అని. పైన 'డియర్ మిస్టర్' అని ఉంది. కంప్యూటర్‌కి ఆడేంటో మగేంటో ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఇదే మాట ఒక సరుకు కాగితంలో కనపడితే ఎర్ర పెన్నుతో చుట్టి వెనక్కి పంపేదాన్ని.

ఆ నెలంతా నాకు పండగే. ఆఫీసులో అందరికీ అదే గోల. ఇంకా ఎవరూ కంటితో చూడని ఫోనుకి కెమెరా బాగుందనీ, బరువెక్కువనీ జనం తగువులాడుకోవడం ఆ నెలలోనే వినాలి. నేనూ దిగాను. మొత్తం డబ్బు ఒకేసారి పెట్టి కొంటే ఎంత, బ్యాంకు కార్డు మీద వడ్డీ లేదంటూనే వాళ్లు నొక్కేసే ఫీజు ఎంత, ఫోను కంపెనీ ప్లానులో పన్నెండు నెలలకి ఎంత, ఇరవై నాలుగుకి ఎంత, అన్నీ ఒక కాగితం మీద వేశాను. ఇరవై నాలుగు నెలల ప్లాను చూడ్డానికి చవక. ఇలాంటి చవకలు నాకు తెలుసు. పన్నెండు నెలలే అనుకున్నాను. ఎన్ని లెక్కలు వేసినా అసలు లెక్క ఒక్కటే: నలభై ఏడేళ్లకి నేను మొదటిసారి నా ఫోను పెట్టె నేనే విప్పుకోవాలి. దాని మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం నా చేత్తో నేనే పీకాలి.

ఆ ఫోనుకి ముందుగా చెప్పి ఉంచుదామని ఓ గురువారం ఆఫీసు నుంచి నేరుగా మాల్‌లో ఉన్న ఆ కౌంటరుకి వెళ్లాను. ఫిలిప్పీన్స్ అమ్మాయి. తెర మీద చూసి చాలా మర్యాదగా, "మేడమ్, ఓనర్ రావాలి" అంది.

"ఓనర్ నేనే."

"లైన్ సార్ పేరు మీద ఉంది మేడమ్."

"బిల్లు తొమ్మిదేళ్లుగా నేను కడుతున్నాను. కావాలంటే నా బ్యాంకు కార్డు చూడు."

"యెస్ మేడమ్. థ్యాంక్యూ ఫర్ పేయింగ్ మేడమ్" అంది ఆ పిల్ల. ఎగతాళి కాదు, వాళ్లకి అలా నేర్పుతారు. నా బల్ల ముందు తల బాదుకున్నవాళ్లందరూ ఒకేసారి గుర్తొచ్చారు.

పాపం ఆమే చెప్పింది, పేరు మార్చుకోవడానికి ఫారం ఉంది, సార్ వచ్చి సంతకం పెడితే ఐదు నిమిషాల పని అని. కాకపోతే రెండు చిక్కులు. పేరు మారితే నేను కొత్త కస్టమర్ని అవుతాను, ఈ తొమ్మిదేళ్ల మంచితనం పోతుంది, ఫోను ఆఫరు ఉండదు. ఫోను ముందు తీసుకుంటే ఆ ప్లాను గడువు తీరేదాకా పేరు మార్చడం కుదరదు. ఫోను కావాలో పేరు కావాలో తేల్చుకోమన్నమాట.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. టీవీ ముందు వేరుశెనక్కాయలు వలుస్తున్నాడు.

"పేరుదేముందే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఆఫరు మళ్ళీ వస్తుందా? ముందు ఫోను తీసుకుందాం" అన్నాడు.

"పన్నెండు నెలలకే రాయించాలి. ఏడాది అవగానే పేరు మార్చాలి. అప్పుడు మళ్ళీ సెలవు లేదనీ, కారు లేదనీ సాకులు చెప్పకూడదు."

"అలాగే తల్లీ. స్టాంపు కాగితం మీద రాసివ్వమంటావా?"

రాయించుకోవాల్సింది. ఆ మాట అప్పుడు వేళాకోళంగా తోచి నవ్వేశాను. ఆయన తప్పు చెప్పలేదు కదా, ఆఫరు నిజంగానే పోతుంది కదా అనిపించింది. ఏడాదే కదా అనిపించింది. పేరు కన్నా ఫోనే ముందు కావాలనిపించింది, ఇదీ దాచను. ఆశ నాది.

ఫోను విడుదలైన వారానికి మా వంతు వచ్చిందని మెసేజీ. శనివారం ఇద్దరం వెళ్లాం. కౌంటరు దగ్గర జనం తిరనాళ్లలా ఉన్నారు. ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి నన్ను గుర్తుపట్టి, చేయి ఊపి, ఆయన్ని కూర్చోబెట్టింది. కుర్చీ ఒక్కటే ఉంది. సంతకం పెట్టేవారికి.

నేను పక్కన నిలబడి కవర్లు చూశాను. ఫోనుతో పాటు కవరు ఊరికే ఇస్తామని గోడ మీద ఇంత బోర్డు రాసి పెట్టారు. అక్కడున్న అబ్బాయి స్టాక్ అయిపోయింది మేడమ్ అంటాడు, హిందీలో. అతని వెనకాల అలమారాలో పది కవర్లు వేలాడుతున్నాయి. అవి అమ్మే కవర్లట, ఇచ్చే కవర్లు కావట. ఊరుకుంటానా? "బోర్డు మీద స్టాక్ ఉన్నంతవరకు అని రాసిందా? లేదు. మరి బోర్డు దించు, లేదా కవరు తియ్యి. మీ ముదీర్‌ని పిలుస్తావా, నన్నే లోపలికి రమ్మంటావా?" అని పట్టుకున్నాను. ముదీర్, అంటే మేనేజరు, వచ్చాడు. అతనితో మొదటినుంచీ మళ్ళీ వాదించాను. పావుగంటకి విసిగిపోయి, ముదురు నీలం రంగు కవరు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. గెలిచాను. వెనక్కి తిరిగాను.

మా ఆయన కొత్త ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని, మెడ గుండ్రంగా తిప్పుతున్నాడు. ముందు కుడికి, తర్వాత పైకి, తర్వాత ఎడమకి. ఈ ఫోను వేలితో కాదట, మొహం చూసి తెరుచుకుంటుందట. మొహం గుర్తుపెట్టుకోవాలంటే ఒకసారి తల అలా తిప్పి చూపించాలట. పెట్టె బల్ల మీద తెరిచి ఉంది. పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉండలా చుట్టి, పక్కన పడేసి ఉంది.

"ఏం చేస్తున్నారండీ?"

"కదిలించకు, సగంలో ఉంది" అన్నాడు మెడ తిప్పుతూనే.

"కంగ్రాట్స్ సార్" అంది ఆ పిల్ల. తర్వాత నా మొహం చూసి, "మేడమ్ కూడా" అని కలిపింది.

"అది నా ఫోను."

"మనదేగా. వచ్చే వారం మాకు హెడ్డాఫీసు వాళ్లతో మీటింగుందే. అందరి చేతుల్లోనూ కొత్తవే, నేనొక్కణ్ణే పాతది తీసి టేబుల్ మీద పెట్టాలంటే ఎలా ఉంటుంది చెప్పు? నాది నీకిచ్చేస్తా. పద్నాలుగు నెలలే అయింది, బంగారంలా ఉంది."

"మీ ఫోను బంగారమైతే మీ హెడ్డాఫీసుకే చూపించండి."

"నలుగురిలో రచ్చ చేయకు."

"నాలుగు గోడల మధ్య చేస్తే మీరు టీవీ సౌండు పెంచుతారుగా!"

పక్కనున్న మలయాళీ కుటుంబం తమ పిల్లాణ్ణి అవతలికి లాక్కున్నారు. పెట్టె విప్పాక వెనక్కి తీసుకోరని ఆ అమ్మాయి తల దించుకుని చెప్పింది. కాగితాలు ఇటివ్వమని లాక్కుని చదివాను. నా ఉద్యోగమే అది కదా. గడువు అన్నచోట ఇరవై నాలుగు నెలలని ఉంది.

"పన్నెండు అన్నాను కదా?"

"నెలకి ఎంత తగ్గుతుందో చూశావా? మిగిలేది నీకేగా."

కట్టేది నేను కాబట్టి మిగిలేదీ నాకే. చక్కటి న్యాయం. నా నంబరుకి ఇంకో రెండేళ్లు తాళం వేసి, తాళంచెవి పోర్టులో పారేసినట్టయింది. ఆయనకి అదేమీ తెలియదు, ఆ పిల్ల వేలు పెట్టిన చోటల్లా సంతకాలు పెట్టాడు. చదివే మనిషిని పక్కనే ఉన్నాను. ముప్పై దిర్హాములు చేయని కవరు కోసం అరబ్బు ముదీర్‌తో ఆంధ్రా ప్రతాపం చూపిస్తూ ఉన్నాను.

ఇంటికి వెళ్తూ కారులో ఆయనే చెయ్యి చాచాడు, "ఆ కవరు ఇలా ఇవ్వు, కిందపడితే పగులుతుంది" అని. ఇచ్చాను. అది ఆ ఫోనుదే మరి, నా చేతిలో ఏం చేసుకోను?

ఆదివారం పొద్దున ఆఫీసు వ్యాన్ ఎక్కాను. డ్రైవరు జగిత్యాల వైపు మనిషి, నా ఈడువాడే. పదేళ్లు కట్టడాల్లో ఇనుము కట్టి, నడుము పోయి, లైసెన్సు తీసుకుని మా దగ్గర చేరాడు. నన్ను అక్కా అంటాడు. నెల రోజులుగా ఈ ఫోను పురాణం అతను కూడా వింటున్నాడు కదా, ఎక్కగానే అడిగాడు.

"ఏదక్కా కొత్త ఫోను? జూపియ్యుండ్రి."

మా ఆయన బంగారం తీసి చూపించాను. చూసి తిరిగిచ్చేసి బండి తీశాడు. దారిలో నేనే మొత్తం చెప్పేశాను. ఫోను సంగతి విన్నప్పుడు నవ్వినవాడు, నంబరు సంగతి వినేసరికి బండి నెమ్మది చేశాడు.

"గా నంబరు మీ పేరు మీద లేదా అక్కా? ఏందక్కా, కాయిదాలు జూసేదే మీరాయె!"

"సెలవు దొరక్క..."

"క్యాంపుల ఉన్నప్పుడు నా పాస్‌పోర్టు కంపెనీ తాననే ఉండె. నేనుండే రూము వాళ్లదే, పండుకునే మంచం వాళ్లదే. సిమ్ము గూడ వాళ్ల పేరు మీదనే ఇస్తమన్నరు. నేనొద్దన్న. నా పైసల్తోని, నా కార్డు మీద తీసుకున్న. కంపెనీ మారినా గదే నంబరు, గిప్పటిదాంక గదే. అంతెందుకక్కా, సార్ కంపెనీ పక్క ఫ్యాక్టరీ మూసిండ్రు సూడుండ్రి, రేపు సార్ వీసా గిట్ట క్యాన్సిల్ అయ్యిందనుకో, సార్ పేరు మీదున్న నంబర్లు మొత్తం ఖలాస్. మిమ్మల్నెవడు గుర్తుపడ్తడు?"

ఏడో తరగతి చదివిన మనిషి. ఈ దేశం వచ్చిన కొత్తల్లో, అలసిపోయి పని దిగి, హిందీ కూడా సరిగ్గా రాని రోజుల్లో, ఈ ఒక్క విషయం ఆలోచించుకున్నాడు. నేను ఎం.కాం. నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు. "నువ్వు బండి నడుపు ముందు" అని అతని మీదే కసిరాను.

సాయంత్రం తిరిగొస్తుంటే అడక్కుండానే ఒక సూపర్ మార్కెట్టు ముందు బండి ఆపాడు. "యల్లా అక్కా, నడువుండ్రి. పది నిమిషాల పని. ఐడీ కార్డున్నదా?" అన్నాడు. ఉంది.

లోపల ద్వారం పక్కనే చిన్న బల్ల. ప్లానూ లేదు, గడువూ లేదు, ముందు డబ్బు వేసుకుని మాట్లాడుకునే మామూలు సిమ్ము. కుర్రవాడు నా కార్డు మిషన్లో పెట్టి, తెర మీద వచ్చిన పేరు చదివి, మీరేనా అన్నాడు. నేనే అన్నాను. తెర నావైపు తిప్పాడు. ఓనర్ అన్నచోట నా పేరు. దాని వెనకాల ఆయన ఇంటిపేరు, ఇదీ సగం ఆయనదే. సగమైనా చాలని సంతకం పెట్టాను. తొమ్మిదేళ్ల తర్వాత పది నిమిషాలు కూడా పట్టలేదు.

పాత నంబరు సిమ్ము ఆయన ఇచ్చిన బంగారంలో ఉంది. బయటికొచ్చి, కొత్త సిమ్ము తీసి సంచిలో ఉన్న నా నాలుగో ఫోనులో వేశాను. ఈ నంబరు ఇప్పుడు ఎవరికీ తెలియదు. రెండు మూడు వందల మందికి చెప్పుకోవాలి, వాళ్లు రాసుకోవాలి, మర్చిపోతే మళ్ళీ చెప్పాలి. మొదటి కాల్ ఎవరికి చేయాలో తోచలేదు. వేళ్లకి కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే, ఆయనది. కొట్టాను.

రెండోసారి మోగగానే ఎత్తాడు. నా పాత నంబరు నుంచి చేస్తే ఏడెనిమిది సార్లు మోగితే గాని ఎత్తడు.

"హలో, గుడ్ ఈవెనింగ్. ఎవరండీ మాట్లాడేది?"

ఆ గొంతు నేను విని ఎన్నేళ్లయిందో! మెత్తగా ఉంది. అవతలి మనిషికి చోటిస్తోంది. వింటూ నిలబడ్డాను.

"హలో? వినపడుతోందాండీ? ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు, కాస్త ఉండండి, బాల్కనీలోకి వస్తున్నా..." నిజంగానే లేచి వెళ్తున్న చప్పుడు, తలుపు తీసిన చప్పుడు. "ఆఁ, ఇప్పుడు చెప్పండి."

"నేనే" అన్నాను.

"నువ్వా!" గొంతు మళ్ళీ ఎప్పటి గొంతైపోయింది. "ఎవరో అనుకున్నా. ఏంటీ నంబరు?"

"నాది. ఎవరో అనుకుంటే ఎంత బాగా మాట్లాడతారండీ మీరు!"

బాల్కనీ తలుపు మూసిన చప్పుడు వినపడింది.

"సర్లే. దారిలోనే ఉన్నావుగా, వచ్చేటప్పుడు పెరుగు పట్రా. ఇంట్లో చుక్క లేదు" అని పెట్టేశాడు.

మళ్ళీ లోపలికి వెళ్లి కొన్నాను. నా పేరు మీదున్న నంబరుకి వచ్చిన మొదటి పని అదే.